ఉత్తరం మీద వేసిన తేదీ

లక్డారం మిషన్ బడి పంతులు కృపానందం చేతిలో ఒక అర్జీ కాగితం పట్టుకుని నిలబడిపోయిన చోట పోయిన వారం కథ ఆగింది. బడి స్థలం కోసం కచ్చేరిలో ఇవ్వమని ఊరివాళ్లు సంగారెడ్డిలో ఎవరి చేతనో రాయించుకొచ్చిన ఉర్దూ అర్జీ అది. అందులోని చేతిరాతను అతను ఇంతకుముందు చూశాడు. ఒకసారి కాదు, పద్నాలుగు నెలల పాటు కోర్టులో వాయిదా పడ్డ ప్రతిసారీ చూశాడు.

1950 ఎండాకాలంలో చింతలగుంట మాణిక్‌రావు దొర జీపు మీద ఎవరో తుపాకీ పేల్చారు. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. మూడో రోజు బడి బీరువాలో కృపానందానికి ఎవరో రాసినట్టున్న ఒక ఉర్దూ ఉత్తరం దొరికింది. దొరను కల్వర్టు దగ్గర ఎలా చంపాలో అందులో రాసి ఉంది. కౌలుదార్లకు పట్టాల కోసం అర్జీలు రాసిపెడుతున్న పంతులు ఒక్కరోజులో కుట్రదారుడయ్యాడు. ఉత్తరం మీద వేసిన తేదీ తప్పని తేలడం వల్ల చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఉత్తరం రాసిందెవరో మాత్రం ఆరేళ్లుగా తెలియలేదు.

ఈ అర్జీ ఎవరు రాశారని ఊరివాళ్లను అడిగితే ఇప్పుడు తెలిసింది. సంగారెడ్డి కోర్టు బయట కూర్చుని అర్జీలు రాసే సాదుల్లా.

ఆదివారం ఆరాధన కాగానే కృపానందం బస్సెక్కాడు. అక్టోబర్ చివరి వారం. కొత్త రాష్ట్రం వస్తున్నదని, దాని వెంట ఎలక్షన్లు వస్తాయని బస్సులో ఒకటే చర్చ. ఈసారి మాణిక్‌రావు దొర కూడా నిలబడుతున్నాడని ఎవరో అన్నారు. కృపానందం కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ ముసలివాడి గల్లా పట్టుకుని ఏమడగాలో లోలోపల వంద రకాలుగా అనుకున్నాడు.

కోర్టు వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు. తలుపు తీసిన మనిషికి అరవై ఏళ్లుంటాయి. ఒక కంటికి పొర కమ్మింది. కుడి చేతి వేళ్లకు సిరా మరకలు. కృపానందాన్ని చూడగానే అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు.

"లోపలికి రాండ్రి మాస్టర్ సాబ్. మీ ఊరోళ్లకు అర్జీ రాసిచ్చినప్పటి సంది మీరు వస్తరని ఎదురుచూసుకుంటనే ఉన్న" అన్నాడు సాదుల్లా.

కృపానందం చాప మీద కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జేబులోంచి అర్జీ తీసి నేల మీద పెట్టాడు.

"గిది మీరు రాసిందేనా?"

"నేనే."

"నన్ను జైల్లకు పంపిన ఉత్తరం?"

సాదుల్లా తల వంచుకున్నాడు. "అది గూడ నేనే."

"నాతోని ఒక్క మాటన్న ఎన్నడు మాట్లాడలే మీరు. నేను మీకేం అన్యాయం చేసిన? పద్నాలుగు నెలలు. నేను లోపల ఉన్నప్పుడే మా అమ్మ పోయింది. మట్టి వేయనీకి గూడ నన్ను పంపలే. ఆ సంగతన్న తెలుసా మీకు?"

లోపలి గది పరదా కదిలింది. సాదుల్లా భార్య హాజిరా గాజుగ్లాసులో నీళ్లు తెచ్చి కృపానందం ముందు పెట్టింది. పరదా వెనక్కి పోకుండా అక్కడే కూర్చుంది.

"తెలుసు తమ్ముడా" అంది. "సౌభాగ్యమ్మ పోయిన రోజు నేను లక్డారంల ఉన్న. బురఖ ఏసుకొని సమాధుల గోడ బయట నిలబడ్డ. లోపలికి వస్తె నన్ను ఎవరని అడుగుతరేమోనని రాలే."

తల్లి పేరు ఆమె నోట వినగానే కృపానందం ఆమె వైపు మొదటిసారి పూర్తిగా చూశాడు.

"మా అమ్మ మీకెట్ల ఎరుక?"

"నలభై ఎనిమిదిల, పోలీస్ యాక్షన్ అయిన ఏడు. మీరు హత్నూర బడిల ఉన్నరు. ఈయన సిటీల చిక్కుకుపోయిండు. నేను ముగ్గురు పిల్లలను తీస్కొని పటాన్‌చెరు దగ్గర మా పుట్టింటికి వచ్చిన. మాపటి జాముల మావోళ్ల ఇండ్ల మీదికి మంది వచ్చిండ్రు. మావోళ్లు ఎవరు ఎటు ఉరికిండ్రో తెల్వదు. చేన్ల వడి ఉరికి ఉరికి మీ వాడల పడ్డ. కొసన ఉన్న ఇంటి తలుపు కొట్టిన. మీ అమ్మ తలుపు తీసింది. నన్ను చూసింది, పిల్లలను చూసింది, లోపలికి గుంజి గొళ్లెం పెట్టింది. పదకొండు రోజులు, తమ్ముడా. జొన్న గుమ్మి ఎనక పిల్లలను పండవెట్టింది. నాకు ఆమె తెల్లచీర కట్టిచ్చి, మెదక్ నుంచి వచ్చిన మా చెల్లె బిడ్డ ఏసమ్మ అని వాడోళ్లకు చెప్పింది."

హాజిరా ముఖంలో చిన్న నవ్వు మెరిసింది.

"ఒకనాడు కత్తులు పట్టుకొని నలుగురు వచ్చిండ్రు. మీ అమ్మ నా చేతుల పాటల పుస్తకం పెట్టి సదువుకో బిడ్డా అన్నది. నాకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు. వాళ్లు పోయినంక చూస్తే పుస్తకం తలకిందులుగ పట్టుకున్న. ఇద్దరం నోట్ల కొంగు కుక్కుకొని నవ్వినం. గంతసేపు ఏడ్వనీకి గూడ ధైర్యం లేనోళ్లం, అప్పుడు నవ్వినం."

కృపానందం మెల్లగా చాప మీద కూర్చున్నాడు. ఆ సెప్టెంబరు తర్వాత ఇంటికి వచ్చినప్పుడు గుమ్మిలో జొన్నలు అడుగంటి ఉండటం అతనికి గుర్తుంది. ఎట్ల అయిపోయినయమ్మా అని అడిగితే, చుట్టాలు వచ్చి పోయిండ్రు అని మాత్రం చెప్పింది. ఎవరా చుట్టాలని అతను అడగలేదు.

"మాకు మాట ఇచ్చింది" అన్నాడు సాదుల్లా. "దినాలు మంచిగ అయ్యేదాక ఎవరికి చెప్ప అన్నది. కొడుక్కు గూడ చెప్పకపాయె."

"అంత చేసినామె కొడుకు మీద దొంగ ఉత్తరం ఎట్ల రాసిండ్రు?" కృపానందం గొంతులో కోపం పోయింది, బాధ మిగిలింది.

సాదుల్లా తన సిరా వేళ్లను చూసుకుంటూ చెప్పాడు.

"తాను ఉండే గడికి రమ్మని జీపు పంపిండు దొర. రజాకార్లకు చందాలు ఇచ్చినోళ్ల పేర్లు రాసిన పుస్తకం ఒకటి ఉన్నదట, దాంట్ల నా పేరుందట. ఉందో లేదో నాకు చూపియ్యలే. చెప్పింది రాయి, లేకుంటే ఆ పుస్తకం తీస్కపోయి పోలీసులకు ఇస్త అన్నడు. నాకు భయమైంది మాస్టర్. అప్పటికి మావోళ్లు ఎంతమంది లోపల ఉన్నరో, ఎంతమంది లేకుంట పోయిండ్రో మీకు తెలుసు. రాస్త అన్న. ఎవరి పేరు మీద అని అడిగిన. లక్డారం మిషన్ బడి పంతులు కృపానందం అన్నడు. అది మీరని, ఆ అమ్మ కొడుకని నాకు అప్పుడు ఎరుకైంది."

"మరి తుపాకీ?"

"పేల్చింది గడి మనిషే. ముందుగాలనే అనుకొని పేల్చిండ్రు. కౌలు పట్టాలు వస్తె నాలుగు వందల ఎకరాలు పోతయని దొర భయం. అర్జీలు రాసే మనిషిని, వాటి మీద ముందుగాల వేలిముద్ర వేసే మనిషిని ఊర్లె లేకుంట చేస్తే తక్కినోళ్లు తామే ఊరుకుంటరు. ముప్పై ఏండ్ల సంది కోర్టు ముందల కూసున్న. నిజాం జమానల చూసిన, దాని తర్వాత చూసిన. గద్దె పోతదని భయమున్నోడికి ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకుంటే అది కుట్ర లెక్కనే కనబడుతది. లేకుంటే తానే ఒకటి పుట్టిస్తడు. దానికి పెద్ద తెలివి అవసరం లేదు. భయపడేటోడు ఒకడు, రాసేటోడు ఒకడు, చదువు రానోడు ఒకడు దొరికితే అయిపాయె. ఆనాడు ఆ గదిల భయపడేటోడిని, రాసేటోడిని నేనొక్కన్నే."

"తేదీ కథ చెప్పుండ్రి" అంది హాజిరా.

"దొర చెప్పిన మాటలల్ల తేదీ లేదు. తుపాకీ పేల్చినదానికి ముందుది ఏదో ఒకటి వేయమన్నడు. అంతకు నెల ముందు మీ అమ్మ మా ఇంటికి వచ్చిపోయింది. కొడుక్కు హత్నూర నుంచి సొంత ఊరికి బదిలీ అయిందని సంబరపడుకుంట చెప్పింది. ఫిబ్రవరి నెల నడుమ చేరిండని చెప్పింది. నాకు అది యాదికొచ్చింది. అందుకే ఉత్తరం మీద జనవరి ఎనిమిది అని రాసిన. పైన మాత్రం లక్డారం బడి పంతులు అని పెట్టిన. జనవరిల మీరు లక్డారం పంతులు కాదు. ఆ సంగతి దొరకు తట్టలే."

కృపానందం చాప మీద ముందుకు జరిగాడు. ఆ తేదీ మీదనే కేసు తిరిగింది. వకీలు తాజ్ మొహమ్మద్ మిషన్ వారి బదిలీ ఉత్తర్వు తెచ్చి జడ్జి ముందు పెట్టి, ఐదు వారాల తర్వాత చేరబోయే బడికి ఈ ఉత్తరం ఎట్ల వచ్చింది హుజూర్ అని అడిగిన క్షణం అతనికి కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

"వకీల్ సాబ్ కనిపెట్టిండనుకున్న" అన్నాడు.

"ఎవరు కనిపెట్టకుంటే ఏమైతదో అని నాకు రెండు నెలలు నిద్ర పట్టలే. చివరికి ఈమెను వకీల్ సాబ్ ఇంటికి పంపిన. చిట్టీ మీద ఒక్కటే మాట రాసిన, బదిలీ తేదీ చూడుమని. ఎవరు పంపిండ్రని ఆయన అడగలే. ఈమె చెప్పలే."

ప్రతి క్రిస్మస్‌కు కృపానందం ఒక పళ్లెం నిండా అరిసెలు తీసుకుని ఆ వకీలు ఇంటికి పోయేవాడు. పోయినేడాది ఆయన చనిపోయేదాకా పోయాడు. ప్రతిసారీ ఆయన ఒక్కటే మాట అనేవాడు. షుక్రియా నాకు కాదు మాస్టర్, ఇంకొకరికి చెప్పాల్సింది నాకు చెప్తున్నవు అని. దేవుడి గురించి అంటున్నాడని కృపానందం అనుకున్నాడు.

అతను ముందుకు వంగి సాదుల్లా కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. గల్లా పట్టుకుందామని వచ్చిన చేతులవి. కళ్ల నుంచి నీళ్లు కారి ముసలివాడి సిరా వేళ్ల మీద పడ్డాయి.

"నా పాణం మీ చేతుల ఉండె సాదుల్లా సాబ్. నిలబెట్టిండ్రు."

సాదుల్లా మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నాకు అంత గొప్ప వద్దు. ఆనాడు నేను రెండు కాయితాలు రాసిన. రెండోది విన్నంక షుక్రియా చెప్తరో లేదో చూడుండ్రి."

"రెండోది?"

"పెద్దరాములు ఒప్పుకోలు."

కృపానందం ముఖం బిగుసుకుంది. పెద్దరాములు లక్డారం కౌలుదారు, పట్టా అర్జీల మీద మొదటి వేలిముద్ర వాడిదే. తుపాకీ తానే పేల్చానని వేలిముద్ర వేసి ఒప్పుకున్నాడు. పదేళ్ల శిక్ష పడింది. వాడి తొందరపాటు వల్లనే తన మీద కుట్ర కేసు పడిందని ఇన్నేళ్లూ కృపానందం నమ్మాడు. బోనులో పక్కనే నిలబడ్డా ఒక్కసారి వాడి వైపు చూడలేదు. విడుదలైన తర్వాత వాడి భార్య రాజవ్వ వచ్చి, పై కోర్టుకు అర్జీ రాసిపెట్టమని గుమ్మం ముందు కూర్చుంటే, నీ మొగని పాపం నాకు అంటింది చాలు పో అని తలుపు వేసుకున్నాడు.

"పెద్దరాములు తుపాకీ పట్టలే మాస్టర్. వాని చేతులు కట్టి తెచ్చిండ్రు. నా కండ్ల ముందటనే కొట్టిండ్రు. పంతులు పంపిండని చెప్పు, నిన్ను ఇడుస్తం అన్నరు. వాడు ఏమన్నడో తెలుసా? పంతులు పేరు తియ్య, ఆయన పోతే మా వాడల కాయితం సదివేటోడు ఉండడు అన్నడు. కావాల్నంటే నేనే కొట్టిన అని రాసుకోండ్రి అన్నడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాసిన. వేలిముద్ర వేసిండు. వాడే గన మీ పేరు చెప్పి ఉంటే, నేను వేసిన తేదీ ఒక్కటే మిమ్మల్ని కాపాడకపోవు."

సందులో ఎవరో గుర్రపు బండి తోలుకుంటూ పోయారు.

"దాంట్ల గూడ ఒక తప్పు పెట్టొచ్చు గద" అని గొణిగాడు కృపానందం. అడిగింది సాదుల్లాను కాదు, తనను తానే అడుగుతున్నట్టు అన్నాడు.

"పెట్టొచ్చు. పెట్టలే. వాడెవడో నాకు తెల్వదు. తెల్వనోడి కోసం పాణం మీదికి తెచ్చుకునేంత దిల్ నాకు లేకుండె."

అప్పుడు హాజిరా మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఆ అమ్మ మా పేరు అడిగి తలుపు తియ్యలే."

సాదుల్లా తలెత్తి భార్యను చూశాడు. ఈ మాట ఆమె ఎన్నేళ్లుగా మనసులో పెట్టుకుందో ఆ చూపును బట్టి కృపానందానికి అర్థమైంది.

"ఇప్పుడన్న రాయుండ్రి" అంది ఆమె. "ఆ గదిల ఏం జరిగిందో అంత రాయుండ్రి. మీ దస్కతు పెట్టుండ్రి. జైలు పడితే పడనీ. రొట్టెలు నేను తెచ్చిస్త. ఆరేండ్ల సంది ఒకామె తెస్తలేదా?"

సాదుల్లా లేచి గూట్లోంచి కలం, సిరా దవాతు తెచ్చుకున్నాడు. పీట ముందర కూర్చుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. మొదటి వరుస రాయడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత కలం ఆగలేదు. ఉర్దూలో మూడు పేజీలు రాసి, గట్టిగా చదివి వినిపించి, చివర సంతకం చేశాడు. ఆనాటి తేదీ సరిగ్గా వేశాడు. కృపానందం దాన్ని తెలుగులో తిరగరాసి కింద సాక్షిగా తన పేరు పెట్టాడు.

"రేపు కోర్టు తెరుస్తరు" అన్నాడు సాదుల్లా.

"దానికన్న ముందు ఒక తలుపు కొట్టాలె నేను" అన్నాడు కృపానందం. "ఒక్కన్ని పోలేను. మీరు గూడ రాండ్రి."

సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ లక్డారానికి దగ్గరున్న ఇస్నాపూర్‌లో బస్సు దిగారు. రాజవ్వ బొంబాయి సడక్ మీద కంకర కొట్టే పనిలో ఉంటుంది. ఆదివారం కాబట్టి ఇంటి దగ్గరే ఉంది. తాటాకుల పాక ముందు జొన్నలు చెరుగుతోంది. పంతులును చూసి చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమె ముఖంలో కోపం గానీ, భయం గానీ లేదు.

"ఏమైంది పంతులూ? మా ఆయనకేమన్న అయిందా?"

"లేదు రాజవ్వా. ఆయన బాగున్నడు." కృపానందం ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నీ ఇంటికి నేను ఐదేండ్ల కింద రావాల్సింది. ఇయ్యాల వచ్చిన. ఆనాడు గడిల నా పేరు చెప్తే ఆయనకు జైలే లేకుండె. చెప్పలే. నాకు ఇయ్యాలనే తెలిసింది. నేను నిన్ను..."

"నాకు ఎరుకే" అంది రాజవ్వ.

"ఎప్పటిసంది?"

"మొదట ములాఖత్‌కు పోయిన దినమే చెప్పిండు. పంతులుకు చెప్పొద్దన్నడు. తెలిస్తే నువ్వు ఉరికి దొర మీదికి పోతవట. మల్ల లోపలేస్తరట. అట్లయితే నేను వేసిన వేలిముద్ర ఉత్తగ పాయె గదనే అన్నడు. అందుకే చెప్పలే. నువ్వు తలుపు ఏస్కున్న దినం నోటిదాక వచ్చింది. మింగిన."

కృపానందం నేల మీద మోకాళ్లూని రాజవ్వ కాళ్ల ముందు చేతులు జోడించి వంగాడు. ఆమె కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసింది.

"లే పంతులూ, ఏంది గిది! సూసేటోళ్లు ఏమనుకుంటరు? నువ్వు బైట ఉన్నవు గనుక ఇయ్యాల వాడల పన్నెండు మంది పోరగాళ్లు పేరు రాస్తున్నరు. మా చిన్నోడు అండ్ల ఒకడు. ఆయనకు అదే సంబరం. పోయిన నెల వాడు రాసిన చిట్టీ తీస్కపోయి ఇచ్చిన. సదువ రాదు గద, చేత్తోటి తడిమి తడిమి సూసుకున్నడు."

సాదుల్లా ముఖం పక్కకు తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత తానెవరో, ఆ ఒప్పుకోలు రాసింది ఎవరో ఆమెకు చెప్పాడు. జేబులోని మూడు పేజీలు తీసి చూపించి, రేపు దీన్ని కోర్టులో ఇస్తాను బహెన్, మాఫీ అడిగే హక్కు నాకు లేదు అన్నాడు. రాజవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. లోపలికి పోయి ఆకులో రెండు జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది.

"తినుండ్రి. మంచి మాట పట్టుకొని వచ్చినోళ్లను ఉత్త కడుపుతోటి పంపుతరా? ఇయ్యాల దినమే మంచిగున్నది. పొద్దుగాల గడి మనిషి సంగప్ప గూడ వచ్చిండు."

రొట్టె తుంచబోతున్న కృపానందం చెయ్యి ఆగింది.

"ఎందుకు వచ్చిండు?"

"ఆయనను ముందుగాల ఇడిపిస్తరట. దొర ఎలక్షన్‌ల నిలబడుతున్నడు గద, పాతయి మర్చిపోదామన్నడట. పెండ్లాం వేలిముద్ర పెట్టి అర్జీ ఇస్తె సాలన్నడు. పెట్టిన."

"ఏం రాసుండె దాంట్ల?"

"ఏం లేకుండె. ఉత్త కాయితమే. గడికి తీస్కపోయి ఉర్దూల రాపిస్తమన్నరు. రేపు కచ్చేరిల ఇస్తరట." ఆమె ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏంది పంతులూ? ఏమన్న తప్పైందా?"

కృపానందం సాదుల్లా వైపు తిరిగాడు. "రేపు కోర్టుల మీ కాయితం ఒకటి, కచ్చేరిల ఈమె కాయితం ఒకటి పడుతయి. ఈమె దాంట్ల నేరం నా మీద పెడుతరో, మీ మీదనే పెడుతరో. గడిల ఇప్పుడు ఉర్దూ రాసేటోడు ఎవడు?"

సాదుల్లా చేతిలోని రొట్టె ముక్కను ఆకులో పెట్టేశాడు.

"సాబ్, ఎవరు?"

"షంషేర్" అన్నాడు ముసలివాడు. "రెండేండ్ల సంది గడిల మున్షీ. నా మాట వినకుంట పోయి చేరిండు. నా పెద్ద కొడుకు. మీ అమ్మ దాచిన ముగ్గురిల పెద్దోడు."

"ఆ పదకొండు రోజులు ఆయనకు యాదికి ఉన్నయా?"

సడక్ మీద గడి దిక్కుగా సంగారెడ్డి వైపు పోయే బస్సు హారన్ వినపడింది. సాదుల్లా కర్ర పట్టుకుని అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఎన్నడు అడగలే మాస్టర్. అడిగే మొఖం నాకు లేకుండె. ఇయ్యాల, వాడు ఆ కాయితం రాయకముందే అడగాలె."